కుర్ర మాస్టారి మెడ

మా హెడ్మాస్టరు గారి లెక్క ప్రకారం పిల్లాడి మెడకి పైనున్నదంతా మిగతా మేష్టర్ల శాఖ, మెడకి కిందున్నదంతా డ్రిల్లు మాస్టారి శాఖ. లెక్క రాకపోతే లెక్కల మాస్టారిని కేకేసేవారు. కాలు బెణికినా, నిక్కరు జారినా, ప్రార్థనలో కళ్ళు తిరిగి పడినా నన్ను కేకేసేవారు. ఈ ఏర్పాటు బాగానే నడిచింది. సరిగ్గా మెడ దగ్గరే జబ్బున్న మనిషి ఒకాయన మా స్కూల్లో మేష్టరుగా చేరేదాకా ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు మీకు ప్రతిదానికీ ఓ డాక్టరున్నాడు. సిగ్గు, అవమానం మనసులో మాత్రమే ఉండవట. కండల్లో, కడుపులో, ఊపిరిలో కాపురం పెడతాయట. మాటలతో పోవట, ఒంటి చేతనే వదిలించాలట. మా మనవరాలు అలాంటి చోటికి ఎక్కడికో వెళ్ళొచ్చి ఈ సంగతి నాకు కొత్తగా చెప్పింది. అమ్మా, ఆ వైద్యం నేను యాభైల్లోనే ఓ రేకుల షెడ్డులో చేశాను, ముందు రోగిని పాడుచేసి తర్వాత బాగుచేశాను అన్నాను. నమ్మలేదు. మీరూ నమ్మక్కర్లేదు గాని వినండి.

మా స్కూలు అమలాపురానికి అయిదారు మైళ్ళలో, కాలవ గట్టు మీద ఉండేది. కమిటీ వారి స్కూలు. కమిటీ అంటే పేరుకి తొమ్మిదిమంది, నిజానికి ఒక్క ప్రెసిడెంటు గారు. తక్కిన ఎనిమిదిమందీ ఆయన దగ్గినప్పుడు తలలూపడానికి ఉండేవారు. నూరెకరాల మాగాణి, రెండు కొబ్బరి తోటలు, కిర్రు చెప్పులు, వెండి పిడి గొడుగు. ఆయన వరండాలో నడుస్తుంటే ఆ చెప్పుల చప్పుడుకి హెడ్మాస్టరు గారు కోటు గుండీలు పెట్టుకునేవారు. నేను ఈల నోట్లోంచి తీసేవాణ్ణి. మేమది మర్యాద అనుకునేవాళ్ళం.

కుర్ర మాస్టారు ఆ స్కూల్లో చేరిన ఏడాది ఆయనకి ఇరవై రెండేళ్ళు. ఊరికి దిగువన పేటలో పుట్టాడు. అక్కడ ఓ చిన్న చర్చి, దాని పక్కన మిషను వారి బడి. ఆ బడిలో అక్షరాలు దిద్ది, ట్రైనింగు ఫస్టు క్లాసులో ప్యాసై, మా స్కూల్లో జాగ్రఫీ చెప్పడానికి వచ్చాడు. ఆ పేట నుంచి కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆయన. వాళ్ళ నాన్న ప్రెసిడెంటు గారి కమతంలో పాలేరు. ఉద్యోగం ఇచ్చింది కూడా ప్రెసిడెంటు గారే. ఆ సంగతి ఆయన రోజుకోసారి ఎవరికో ఒకరికి చెబుతూనే ఉండేవారు.

పిల్లల ముందు కుర్ర మాస్టారి గొంతు కంచు గంటే. సుద్దముక్క పట్టుకుంటే నల్లబల్ల మీద ఖండాలు వాటంతటవే దిగేవి. కాని కిర్రు చెప్పుల చప్పుడు వినబడిందా, అంతే. భుజాలు జారిపోయేవి, గడ్డం గుండెకి అంటుకుపోయేది, గొంతు లోపలికి పోయేది. అన్నిటికన్నా వింత, కుడి చెయ్యి ఎడమ భుజం మీదకి వెళ్ళి అక్కడ లేని తువ్వాలు తీసేది. తెల్లచొక్కా మీద ఉత్త గాలిని పట్టుకుని కిందకి దింపేవాడు పాపం. దొరల ఎదుట భుజం మీద తువ్వాలు ఉంచకూడదని తాతల నాటినుంచి ఆ ఒంటికి నేర్పిన పాఠం. ట్రైనింగు కాలేజీలో దాన్ని మరిపించే పాఠం లేదు.

మా సీమలో కుక్కని అదిలించినా అండీ అంటారని పైవాళ్ళు ఎగతాళి చేస్తారు. నిజమే గాని ఆ అండీ కొన్ని గుమ్మాల దగ్గర ఆగిపోతుంది. ప్రెసిడెంటు గారు మేష్టర్లందరినీ మీరు అనేవారు, ఈయన్ని క్లాసులో పిల్లల ఎదుటే ఏరా అబ్బాయ్ అని పలకరించేవారు. ఆ మెడ వంగడం చూసి, ఎంత చదివినా వినయం పోలేదు చూశారా అని మురిసిపోయేవారు. ఇక్కడే చిక్కు వచ్చిపడింది. మొదటి ఏడాది తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు, ప్రెసిడెంటు గారు పక్కన కూర్చుని ఉండగా, ఈయన పాఠం విన్నారు. విన్నారనడం తప్పు, ఏమీ వినబడలేదు. గొంతు మూడో బల్ల దాకా కూడా రాలేదని, వచ్చేసారి ఇలాగే ఉంటే ఉద్యోగం ఖాయం చెయ్యడానికి వీల్లేదని రాసి వెళ్ళారు. అంటే పేటకి తిరిగి వెళ్ళి తువ్వాలు వేసుకుని కమతంలో చేరడమే. ప్రెసిడెంటు గారికి ఆ మెడ వంగాలి, గొంతు మాత్రం పలకాలి. ఆ రెండూ ఒకే మెడలో ఉన్నాయన్న సంగతి ఆయనకి తట్టలేదు.

స్టాఫు రూములో మేమంతా వైద్యులమైపోయాం. సైన్సు మాస్టారు ఇది రక్తం చాలక వచ్చిందని తేల్చి చేపనూనె తాగమన్నారు. తెలుగు పండితులు గారు పీకల్లోతు కాలవలో నిలబడి తెల్లవారుజామున పద్యాలు చదవమన్నారు. పాపం అదీ చేశాడు. గొంతు బాగుపడలేదు సరికదా జలుబు చేసి ఉన్న కాస్తా పోయింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ అని నేను పండితులు గారిని వెక్కిరించాను. మూడో రోజు హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, మెడ కూడా మీ శాఖలోకే వస్తుందని నిర్ణయించాను, తనిఖీకి మూడు నెలలుంది, నిటారు చెయ్యండి అన్నారు. కత్తిపీట నేనే అయ్యాను.

నేను మద్రాసులో ఏడాది ట్రైనింగు అయినవాణ్ణి. ఛాతీ బయటకి, పొట్ట లోపలికి, గడ్డం పైకి. నాకు తెలిసిన మంత్రం అదొక్కటే. కుర్ర మాస్టారిని రోజూ సాయంత్రం గోడకి ఆనించి నిలబెట్టాను. మోచేతుల వెనక నుంచి కర్ర దూర్చి మైదానం చుట్టూ తిప్పాను. డంబెల్సు ఎత్తించాను. గోడకి ఆనించినంతసేపు గోడలాగే ఉండేవాడు. వదిలితే మళ్ళీ మామూలే.

అప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, మీరు ఉద్యోగాల్లో ఉంటే గుర్తుపెట్టుకోండి. మొండి రోగానికి మోటు మందు అనుకుని, శనివారం మాస్ డ్రిల్లులో నాలుగొందల మంది పిల్లల ఎదుట ఆయన్ని వేదిక ఎక్కించాను. అటెన్షన్ అని ఆయనే కేక వెయ్యాలి. సిగ్గు చితికిపోవాలంటే పదిమందిలో చితకాలి అని నా సిద్ధాంతం. సరిగ్గా ఆ వేళకి ప్రెసిడెంటు గారు గేటు దగ్గర రిక్షా దిగారు. వేదిక మీద కుర్ర మాస్టారి మెడ వాలింది, చెయ్యి భుజం మీదకి వెళ్ళి లేని తువ్వాలు తీసింది. వెనక వరసలో ఒకడు అదే పని చేసి చూపించాడు. తర్వాత వరసంతా, ఆ తర్వాత నాలుగొందల మందీ భుజాల మీంచి లేని తువ్వాళ్ళు తీశారు. నా సర్వీసులో పిల్లలంతా ఒక్క తప్పు లేకుండా కలిసి చేసిన డ్రిల్లు అదొక్కటే.

సోమవారం ఆయన స్కూలుకి రాలేదు. మంగళవారమూ రాలేదు. నాకు అన్నం సయించలేదు. ఆయన మీద జాలి అని చెప్పుకుంటే బాగుంటుంది గాని, హెడ్మాస్టరు గారికి ఏం సంజాయిషీ చెప్పాలన్నదే ముందు తట్టింది. బుధవారం సైకిలేసుకుని వెతుక్కుంటూ బయల్దేరాను. సార్వా కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. నాన్నకి జ్వరమని, ఆయన బదులు కొడుకు చేలో దిగాడని దారిలో ఎవరో చెప్పారు.

వెళ్ళేసరికి చేలోంచి కళ్ళానికి మోపులు మోస్తున్నారు. మూరెడు వెడల్పు గట్టు. గట్టు మధ్యలో గొడుగు పట్టుకుని ప్రెసిడెంటు గారు, ఆయన వెనక సైకిలుతో నేను. ఎదురుగా నెత్తిన పెద్ద వరి మోపుతో కుర్ర మాస్టారు వస్తున్నాడు.  ఇప్పుడు ఇక్కడ వంగాడంటే మోపూ మనిషీ బురదలోనే.

వంగలేదు. మెడ కొబ్బరి మానులా నిలబడి ఉంది, ఛాతీ నేను మూడు వారాలు కర్రలు దూర్చినా రానంత బయటకి ఉంది. చేనంతా వినబడేలా, తొలగండి బాబూ, మోపొస్తంది అన్నాడు. ప్రెసిడెంటు గారు మారుమాటాడకుండా కిర్రు చెప్పులతో సహా బురదలోకి దిగారు. నేను సైకిలెత్తుకుని రెండో పక్కకి దిగాను. మోపు మా మధ్యనుంచి దర్జాగా వెళ్ళిపోయింది. అది మా వైపు ఆచారం. గట్టు మీద బరువు మోసేవాడిదే దారి, ఎదురొచ్చింది ఎవరైనా సరే తొలగాల్సిందే.

కళ్ళం దగ్గర ఆయన్ని పట్టుకుని, ఇందాక మెడ ఎలా నిలిచిందండీ అని అడిగాను. ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"నెత్తిన మోపుంటే వంగడం కుదరదండి. వంగితే పడిపోద్ది. ఆ సంగతి ఆయనకీ తెలుసండి. అప్పుడు నన్నెవరూ వంగమనరండి."

సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ వెన్నులో ఏ లోపమూ లేదు. నిలబడడం నేను నేర్పేదేమిటి నా మొహం, నాకన్నా బాగా వచ్చు దానికి. కాకపోతే ఎక్కడ నిలబడొచ్చో, ఎక్కడ కూడదో కూడా దానికి కంఠతా వచ్చు. మర్నాడు ఆయన స్కూలుకి వస్తే క్షమాపణ చెప్పాను. అదీ ఎలా? పక్కనెవరూ లేకుండా చూసుకుని చెప్పాను. ఆయ్, పర్లేదండి అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి స్కూలు వెనక రేకుల షెడ్డులో కొత్త వైద్యం మొదలైంది. గోనె సంచిలో ఇసక పోసి మూట కట్టాం. చుట్టకుదురు పెట్టి నెత్తికెత్తుకుని షెడ్డులో తిరుగుతూ ఆయన పాఠం చెప్పేవాడు. గొంతు రేకులకి కొట్టుకుని మోగేది. తర్వాత మూట దింపి, అది ఇంకా నెత్తి మీదే ఉన్నట్టు నడిచేవాడు. అది కుదిరాక నేను ప్రెసిడెంటు గారి వేషం కట్టాను. చెప్పులకి చింతపిక్కలు కట్టి చప్పుడు చేసుకుంటూ, గొడుగుతో లోపలికి వచ్చి, ఏరా అబ్బాయ్ అనేవాణ్ణి. ఆ వేషం నాకు ఒక్కరోజులో పట్టుబడింది. మూడో రోజుకి దగ్గు కూడా అచ్చు ఆయనలాగే వచ్చింది. అంత సులువుగా ఎలా వచ్చిందని నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

చింతపిక్కల చప్పుడుకే ఆయనకి పాతదంతా తిరగబెట్టేది. ఆపండి, వంగొద్దు అని నేను అరిస్తే మరీ వంగేవాడు. అరవడం మానేసి, ముందు ఎక్కడ పట్టుకుంటుందో చెప్పండి చాలు అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని చూసుకున్నాడు.

"ముందు పొట్టలో పట్టేస్తదండి. ఊపిరి ఆగిపోద్ది. తర్వాత భుజాలండి. చెయ్యి ఆఖర్నండి. మెడ దాకా వచ్చేసరికి ఇక నా చేతిలో ఉండదండి."

ఇదిగో, ఆ ఒక్క ముక్క నాకు మద్రాసులో ఎవరూ చెప్పలేదు. నేను మూడు వారాలుగా మెడతో కుస్తీ పడుతున్నాను, తగాదా మొదలయ్యేదేమో పొట్టలో. అక్కడినుంచి ఇద్దరం పొట్టని పట్టుకున్నాం. బిగుసుకుందని తెలియగానే ఊపిరి నెమ్మదిగా వదలాలి, అరికాళ్ళు నేలకి ఆనించాలి, బరువు కాళ్ళలోకి దింపాలి. చెయ్యి లేస్తే లేవనివ్వాలి, దాంతో దెబ్బలాడకూడదు. ఒక్కోరోజు ఊపిరి వదలగానే కాళ్ళు వణికేవి. ఒకరోజు ఊరికే కన్నీళ్ళు కారాయి. నాకు ఏం చెయ్యాలో తోచక ఈల తుడుచుకుంటూ కూర్చున్నాను. ఏడుపయ్యాక ఆయనే లేచి మూట ఎత్తుకున్నాడు.

తనిఖీ రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు పొద్దున్న బస్సు దిగి, రెండు కొబ్బరి బొండాలు తాగి, పదకొండింటికి థర్డు ఫారంలో కూర్చున్నారు. పాఠం గోదావరి డెల్టా. నేను పిల్లల్ని వరస పెట్టే నెపంతో వరండాలో కిటికీ పక్కన చేరాను. కుర్ర మాస్టారు దివ్యంగా చెబుతున్నాడు. సగంలో కిర్రు చెప్పులు వినబడ్డాయి. ప్రెసిడెంటు గారు వచ్చి, గుమ్మంలో ఆగి, అలవాటైన వంగుడు కోసం ఎదురుచూశారు.

కుర్ర మాస్టారి గొంతు ఆగింది. భుజాలు జారబోయాయి. కుడి చెయ్యి లేచింది, ఎడమ భుజం దాకా వెళ్ళింది. నాలుగో బల్లలో ఒకడు నవ్వొచ్చి నోరు మూసుకున్నాడు. ఆయన ఊపిరి వదలడం నాకు కిటికీ అవతలికి వినబడింది. చెయ్యి భుజం దగ్గర ఓ క్షణం ఉండి, అక్కణ్ణించి కిందకి రాకుండా పక్కకి సాగి, గోడ మీద పటం మీద గోదావరి రెండుగా చీలే చోట ఆగింది. నమస్కారమండీ, కూర్చోండి అని మర్యాదగానే అని, ఇక్కణ్ణించి నది వేగం తగ్గుతుంది అని పాఠం అందుకున్నాడు. ఆ గొంతు ఆఖరి బల్ల దాటి వరండాలోకి వచ్చింది. నేను పిల్లలు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

కథ ఇక్కడ ఆపితే నాకెంతో గౌరవంగా ఉండేది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గారి గదిలో ఇన్‌స్పెక్టరు గారికి ఫలహారం. పూతరేకులు, కాఫీ. మేమంతా గోడవారని నిలబడ్డాం. పాఠం బాగుందని ఆయన అంటుండగా ప్రెసిడెంటు గారు దగ్గారు. పాఠం సంగతి అలా ఉంచండి, వాడి నిలబాటు చూశారా, నా ఉప్పు తిని నా ఎదుటే తలెగరేసి నిలబడ్డాడు, రేపు పిల్లలకీ అదే నేర్పుతాడు, క్రమశిక్షణ లేని మనిషి మాకొద్దు అన్నారు. కుర్ర మాస్టారు అప్పుడే కబురందుకుని వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు వేళ్ళకంటిన పంచదార దులుపుకుంటూ నా వైపు తిరిగారు. "క్రమశిక్షణ తమ శాఖే కదా. కిటికీ దగ్గర తమరిని చూశాను. అతను అవిధేయంగా నిలబడ్డాడంటారా?"

లేదండి అన్న ఒక్క ముక్క చాలు. నా పొట్ట బిగుసుకుంది. ఊపిరి ఆగింది. భుజాలు జారాయి. నా చెయ్యి మెళ్ళో ఈలని పట్టుకుంది. వరస ఏమీ తప్పలేదు, ఆయన షెడ్డులో చెప్పినట్టే వచ్చింది. నాకంతా తెలుస్తూనే ఉంది, అయినా మెడ వాలిపోయింది. నేను సరిగా చూడలేదండి అన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని ఊరికే అన్నారా.

 గుమ్మంలోంచి కుర్ర మాస్టారి గొంతు వచ్చింది.

"నేను నిలబడే చెప్పేనండి. తప్పుంటే పాఠంలో చూపించండి, దిద్దుకుంటాను. ఆయ్."

ఇన్‌స్పెక్టరు గారు రెండింటి బస్సు అందుకోవాలి. ధర్మం కన్నా బస్సు బలమైంది. గొంతు అన్ని బల్లలకీ వినబడింది, ఉద్యోగం ఖాయం చెయ్యవచ్చు అని రాసి సంతకం పెట్టారు. దాని కిందే, ఈ పాఠశాలలో వ్యాయామ శిక్షణ ప్రశంసనీయం అని కూడా రాశారు. హెడ్మాస్టరు గారు ఆ వాక్యం చదివి నా వీపు తట్టారు. ఆ చెయ్యి పడ్డచోట రోజంతా మంటగానే ఉంది.

రాసింది చెరపడం ప్రెసిడెంటు గారి వల్ల కాలేదు. ఆ వారమే కుర్ర మాస్టారి నాన్నని ఇక కమతానికి రావద్దన్నారు.

ఆదివారం సాయంత్రం నేను పేటకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగా తెలియదు. తిట్టించుకుంటే బరువు దిగుతుందనుకున్నాను కాబోలు. నన్ను చూడగానే ముసలాయన అరుగు మీంచి గబుక్కున లేచి, భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, నడుం వంచి నిలబడ్డాడు. నేను తెల్లబోయాను. నాకు మాగాణి లేదు, కిర్రు చెప్పులు లేవు, డ్రిల్లు మాస్టారిని. నాకూ వంగుతున్నాడు. ఆరేళ్ళుగా ఆ దారంట సైకిలు మీద పోతున్నాను, ఆ పేటలో అందరూ నాకు వంగుతూనే ఉన్నారు. నేనే ఎప్పుడూ చూడలేదు.

కూర్చోండి అన్నాను. తమరు నిలబడుంటే నేనెలా కూర్చుంటానండి అన్నాడు. కుర్ర మాస్టారు లోపలికి వెళ్ళి, తాటాకు చాప తెచ్చి అరుగు మీద పరిచాడు.

ఆ చాప చూస్తూ నిలబడిపోయాను. మా ఇంట్లో మా తాత గాని, మా నాన్న గాని అలాంటి పేటలో కాలు మోపి ఎరగరు, ఇక కూర్చోవడమా. వేలమంది పిల్లల చేత గుంజీలు తీయించిన మోకాళ్ళు నావి. అవి వంగనంటే వంగనన్నాయి. పొట్టలో అదే పట్టు. ఇంటికెళ్ళాక మా అమ్మకి ఏం చెప్పాలి, ఎవరైనా చూస్తే ఏమంటారు అని చెవుల్లో హోరు. వెళ్ళిపోవడానికి ఓ సాకు నోటిదాకా వచ్చింది.

కుర్ర మాస్టారు నా పక్కకి వచ్చాడు. ఏ కోపమూ లేకుండా, షెడ్డులో మాట్లాడుకున్నంత మెల్లిగా అన్నాడు.

"ముందు ఊపిరి వదలండి మాస్టారూ."

వదిలాను. మోకాళ్ళు వంగాయి. చాప మీద కూర్చున్నాను.  ఆ తర్వాత ముసలాయన నెమ్మదిగా వచ్చి నాకెదురుగా కూర్చుని, నా మొహంలోకి చూసి, తమరిది ఏ ఊరండీ అని అడిగారు. ఆరేళ్ళలో ఆ పేటలో ఒక మనిషి నన్ను ఓ మాట అడగడం అదే మొదలు.